42 అంగుళాల గొయ్యి

పోయినేడాది ఇంటి వెనక ఓ చిన్న సన్‌రూమ్ వేయిద్దామని మొదలెట్టాం. మాది మినియాపొలిస్ శివార్లలో ఇల్లు. కాంక్రీటు బ్లాకులతో నాలుగు దిమ్మెలు కట్టి, వాటి మీద దూలాలు వేసి గది లేపడమే కదా, ఇందులో బ్రహ్మవిద్యేముంది అనుకున్నాను. గోతులు తవ్వించాక ఇన్‌స్పెక్టరు వచ్చి, ఓ ఇనుప చువ్వ తీసి అడుగున గుచ్చాడు. ఇంటిగోడ పక్కనున్న రెండు గోతుల్లోనూ చువ్వ వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. "ఇక్కడ కాంక్రీటు పోయడానికి వీల్లేదు" అని రాసిచ్చి వెళ్ళిపోయాడు.

42 అంగుళాలు తవ్వాను మహాప్రభో, రూలు అదే కదా! వారం రోజులు ఆయన్ని తిట్టుకుని, కోపం చల్లారాక చదవడం మొదలెట్టాను. తప్పు నాదే.

42 అంగుళాలు అనేది చలి కోసం. మిన్నెసోటా దక్షిణ భాగంలో అంతే, ఉత్తరాన 60. నీళ్ళు గడ్డకట్టి ఉబ్బుతాయి కాబట్టి పునాది లేస్తుంది అనుకుంటాం గానీ అది సగమే నిజం. మట్టిలో ఏర్పడిన మంచు పొర కిందనుంచి ఇంకా నీటిని పీల్చుకుంటూ మందమవుతుంది, పైనున్నదాన్ని ఎత్తేస్తుంది. ఇక చువ్వ దిగడం వేరే సంగతి. బేస్‌మెంటు కట్టినప్పుడు గోడకన్నా వెడల్పుగా తవ్వి, గోడ లేచాక చుట్టూ మట్టితో పూడుస్తారు. ఆ పూడ్చిన మట్టి ఏళ్ళ తరబడి కుంగుతూనే ఉంటుంది. పాత ఇల్లు ఎప్పుడో కుదురుకుంది, కొత్తగది మాత్రం దిగుతుంది. రెండూ కలిసేచోట పగులు, దాన్లోంచి వాన. అందుకే పునాది కదిలించని నేలమీదే కూర్చోవాలని కోడ్ అంటుంది.

నాన్నకి ఫోన్లో చెబితే "ఒరే, మన రేగడి నేల సంగతి మర్చిపోయావా?" అని నవ్వారు. తెనాలి వైపు వాళ్ళకి వానాకాలం ఉబ్బి, ఎండాకాలం నెర్రెలిచ్చే నేల కొత్తేం కాదు. అలాంటి నేలల కోసమే రూర్కీలోని సీబీఆర్ఐ వాళ్ళు అడుగున గడ్డలా ఉబ్బి ఉండే పైల్స్ తయారుచేశారు, అవి సుమారు మూడున్నర మీటర్ల లోతుకి వెళ్తాయి. నేల కదిలే పొరని దాటి కిందికి వెళ్ళమనే కదా ఇక్కడా అంటున్నది.

సరే, అసలు ఈ రూళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఈ కథ చెప్పేవాళ్ళంతా హమ్మురాబీతో మొదలెడతారు. నేను 1921తో మొదలెడతా. యుద్ధం తర్వాత అమెరికాలో ఇళ్ళ కొరత. అప్పటి వాణిజ్యమంత్రి హెర్బర్ట్ హూవర్ ఓ కమిటీ వేశాడు. చిన్న ఇళ్ళకి కనీస నిబంధనలేమిటో ఆ కమిటీ 1922లో తేల్చింది. తమాషా ఏమిటంటే, వాళ్ళ బాధ ఇళ్ళు కూలుతున్నాయని కాదు, ఊరికో రూలు పెట్టి అనవసరంగా ఖర్చు పెంచుతున్నారని! చిన్న ఇంటికి 12 అంగుళాల ఇటుక గోడెందుకు, 8 చాలదా అన్నారు. రూలు తగ్గించడం కూడా ఈ చరిత్రలో భాగమే అన్నమాట.

తర్వాతి పాఠం చాలా ఖరీదైంది. 1933 మార్చి 10 సాయంత్రం లాంగ్‌బీచ్ భూకంపం. సుమారు 120 మంది పోయారు. చువ్వల్లేని ఇటుక కట్టడాలు, వాటిలో ఎన్నో బడులు, కూలిపోయాయి. పిల్లలు అప్పటికే ఇళ్ళకెళ్ళిపోయారు కాబట్టి సరిపోయింది. నెల తిరిగేసరికి కాలిఫోర్నియా బడుల కోసం ఫీల్డ్ చట్టం తెచ్చింది.

దేశంలో మూడు ప్రాంతీయ కోడ్ సంఘాలుండేవి. అవి 1994లో ఐసీసీ పెట్టుకున్నాయి, 2000లో ఇళ్ళ కోసం ఐఆర్‌సీ వచ్చింది. అందులో దిమ్మెలకి రెండు అంకెలు: 10, 4. దిమ్మె ఎత్తు దాని సన్నటి వైపు కొలతకి 10 రెట్లు దాటకూడదు. డొల్ల బ్లాకుల్ని నింపకుండా వదిలేస్తే 4 రెట్లే. అంటే 8 అంగుళాల బ్లాకైతే 32 అంగుళాలు. అంతకన్నా ఎత్తయితే లోపల కాంక్రీటో గట్టి సిమెంటు మాలో నింపాలి. ఇవి లెక్క కట్టి తీసినవి కావు, మేస్త్రీల అనుభవంలోంచి వచ్చిన కొలతలు.

అనుభవానికీ హద్దుంది. 2005 ఆగస్టు 29న కత్రీనా వచ్చాక మిసిసిపి తీరంలో ఇళ్ళు పోయి దిమ్మెలు మాత్రం మిగిలిన చోట్లున్నాయి, దిమ్మెలే విరిగిపడ్డ చోట్లూ ఉన్నాయి. చువ్వల్లేని దిమ్మె పైబరువు మోస్తుంది గానీ పక్కనుంచి నీళ్ళు తోస్తే నిలవదు. లూసియానాలో రాష్ట్రమంతటికీ ఒకే కోడ్ తప్పనిసరి అయింది ఆ తుఫాను తర్వాతే.

మన కోడ్‌లోనూ అంతేగా? కామెంటు లేని "ఇఫ్" ఒకటి కనిపిస్తే పీకెయ్యాలనిపిస్తుంది. ఎందుకు పెట్టారో పీకాక తెలుస్తుంది. అలాగని ప్రతి "ఇఫ్"కీ దండం పెట్టక్కర్లేదు, హూవర్ కమిటీ పెట్టలేదు.

ఆ రెండు గోతులూ ఏడడుగుల దాకా తవ్వాల్సొచ్చింది. ఖర్చు మాట మా ఆవిడని అడక్కండి. ఇన్‌స్పెక్టరు మళ్ళీ వచ్చి చువ్వ గుచ్చాడు. ఈసారి టక్కుమని ఆగింది.