హైదరాబాద్‌లో జీనోమ్ పరిశోధన

జీవి డీఎన్ఏ మొత్తాన్ని జీనోమ్ అంటారు. దాన్ని చదివి, పోల్చి, న్యాయవిచారణకూ వైద్యానికీ సేద్యానికీ పనికొచ్చేలా చేసే పరిశోధన తెలుగునాట ప్రధానంగా హైదరాబాద్ పరిసరాల్లో పెరిగింది. సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ), భారత వరి పరిశోధన సంస్థ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం దీనికి ముఖ్య కేంద్రాలు. ఒక డీఎన్ఏ ముక్క ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో తేల్చడం ఈ పరిశోధనలో చాలాభాగానికి మూలం.

ఆరంభం

1977లో ప్రాంతీయ పరిశోధనశాల (ఇప్పటి ఐఐసీటీ) జీవరసాయన విభాగం నుంచి సీసీఎంబీ ఏర్పడింది. దీని వ్యవస్థాపకులు పుష్ప మిత్ర భార్గవ. 1987 నవంబర్ 26న ప్రధాని రాజీవ్ గాంధీ దీన్ని జాతికి అంకితం చేశారు.

డీఎన్ఏ వేలిముద్రలు

బ్రిటన్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి కనిపెట్టారు. 1988లో సీసీఎంబీలో లాల్జీ సింగ్, కట్లపాము డీఎన్ఏపై తాను అంతకుముందు చేసిన పరిశోధన ఆధారంగా స్వదేశీ పద్ధతి రూపొందించారు. మరుసటి ఏడాదే కేరళలో ఒక పితృత్వ వివాదంలో కోర్టు ముందుకు ఈ సాక్ష్యం వచ్చింది. 1991లో రాజీవ్ గాంధీ హత్యకేసు దర్యాప్తులోనూ ఇదే పద్ధతి వాడారు. ఈ సేవల కోసం 1990ల నడుమ సీడీఎఫ్‌డీ అనే ప్రత్యేక సంస్థ వెలిసింది.

జనసమూహాలు, వైద్యం

సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏను పరిశీలించి 2009లో నేచర్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న సమూహాల్లో కొన్ని అరుదైన జన్యులోపాలు పేరుకుంటాయని ఈ పరిశోధన సూచించింది. ఆంధ్ర వైశ్యుల్లో కనిపించే బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ లోపం ఇందుకు ఉదాహరణ. ఈ లోపం ఉన్నవారికి ఆపరేషన్ వేళ కండరాలను సడలించే ఒక రకం మందు ఇస్తే, దాని ప్రభావం చాలాసేపు వదలదు. ముందే తెలిస్తే మత్తు డాక్టరు వేరే మందు ఎంచుకుంటారు.

పంటలు

సాంబ మసూరి (బీపీటీ 5204) 1986లో బాపట్ల నుంచి విడుదలైన సన్నరకం వరి. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద హాలియా, మిర్యాలగూడ రైతులకు ఇది 'బీపీటీ'గానే తెలుసు. అన్నానికి పేరున్నా ఎండాకు తెగులును ఇది తట్టుకోలేదు. ఆ తెగులు సోకితే ఆకు అంచుల నుంచి పసుపుబారి ఎండుతూ వస్తుంది. వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి ఇందులోకి ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను తెచ్చాయి. మొదటిది అడవి వరి నుంచి వచ్చింది. మిగతా రెండూ అంతర్గత జన్యువులు. అంటే రెండు వైపుల నుంచీ వస్తేనే పనిచేస్తాయి. ఒక్క ప్రతే ఉన్న మొక్కను మడిలో చూసి గుర్తుపట్టలేం. అందుకే ప్రతి తరంలో చిన్న ఆకుముక్క నుంచి డీఎన్ఏ తీసి, పీసీఆర్ పద్ధతిలో దాని ప్రతులు పెంచి, జెల్ మీద నడిపి, ఆ జన్యువులు ఉన్నాయో లేదో గీతల్లో చూసి మొక్కలను ఏరారు. ఏరినవాటినే మళ్లీ సాంబ మసూరితో సంకరం చేశారు. ఇలా వచ్చిన 'మెరుగైన సాంబ మసూరి' 2008లో విడుదలైంది. సంకరంతోనే తయారైంది కనుక ఇది జన్యుమార్పిడి పంట కాదు.

మెట్ట పంటల పని ఎక్కువగా ఇక్రిశాట్ ఉన్న పటాన్‌చెరులో జరిగింది. 2011లో ఇక్రిశాట్ నాయకత్వంలోని అంతర్జాతీయ బృందం 'ఆశ' రకం కంది జీనోమ్‌ను ప్రకటించి, అందులో 48,680 జన్యువులను గుర్తించింది. మహబూబ్‌నగర్ లాంటి వానాధార ప్రాంతాల్లో పండే కందికి అలా ఒక పరిశోధన ఆధారం దొరికింది.

1974లో స్థాపించిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రామేశ్వర్ శర్మ బృందం టమాటాను ఎంచుకుంది. 'అర్క వికాస్' రకం విత్తనాలకు జన్యువులను మార్చే రసాయనం పట్టించి, వచ్చిన మొక్కల్లో మారిన జన్యువులను వెతికి, ఆ వంగడాలను భద్రపరిచే టమాటా జన్యువనరుల భాండాగారాన్ని నెలకొల్పింది.

ఇటీవలి కాలం

2020 డిసెంబర్‌లో కేంద్రం ఏర్పాటుచేసిన ఇన్సాకాగ్ అనే ప్రయోగశాలల కూటమిలో చేరి సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ కరోనా వైరస్ రూపాంతరాలను గుర్తించాయి. సీసీఎంబీ భాగస్వామిగా ఉన్న జీనోమ్ ఇండియా పథకంలో దాదాపు 10 వేల మంది భారతీయుల జీనోమ్ సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది.