బాగే ఆమ్ నుంచి టికెట్టు వనాల దాకా: హైదరాబాదులో కుటుంబ విహారస్థలాల చరిత్ర

ప్రవేశిక

తెలుగువారి వినోదాల చరిత్రకు సాహిత్యం ఒక ముఖ్యమైన ఆకరం. వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామంలో గోవింద మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. కోడిపందేలు, పొట్టేళ్ల పోరు, పాములవాని ఆట, పల్నాటి వీరుల కథాగానం వారి కంటబడతాయి. పూటకూళ్ల ఇంట భోజనం చేస్తారు. సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర (1949)లో నాటి జనజీవితాన్ని చిత్రించడానికి ఈ కృతిని ప్రమాణంగా గ్రహించారు. ఆ గ్రహణం వల్ల ఆట, పాట, అంగడి కూడా చరిత్ర రచనకు యోగ్యమైన విషయాలన్న అభిప్రాయం తెలుగులో స్థిరపడింది.

అయితే క్రీడాభిరామంలోని విహారం ఇద్దరు పురుషుల విహారం. భార్యాబిడ్డలను, వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని గృహస్థు నగరంలో ఒక పూట గడపడం వేరొక సామాజిక ఆచారం. పల్లెలో ఇంటిల్లిపాదీ కదిలే సందర్భాలు పూర్వం నుంచీ ఉన్నాయి. జాతర, తిరునాళ్లు, తీర్థం, కార్తిక వనభోజనాలు అటువంటివి. వాటికి దైవమూ తిథీ ఆధారం. దైవంతోను తిథితోను నిమిత్తం లేకుండా, కేవలం సెలవుదినమన్న కారణంతో కుటుంబం బయలుదేరే చోట్లు ఆధునిక నగరంలో ఏర్పడ్డాయి. హైదరాబాదులో ఆ చోట్లు ఏ క్రమంలో ఏర్పడ్డాయో, కుటుంబాన్ని అక్కడికి రప్పించిన అంశమేదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వినోదం ఉన్నంత మాత్రాన కుటుంబం రాదు. స్త్రీలు, పిల్లలు నిశ్చింతగా రావచ్చునన్న భరోసా ముందుగా ఉండాలి. ఈ భరోసాను నగరం వేర్వేరు కాలాల్లో వేర్వేరు సాధనాలతో కల్పించింది. మొదట హద్దు గల తోట, తరువాత ప్రత్యేకించిన దినం, ఆపైన విద్యాప్రయోజనం, చివరకు ప్రవేశరుసుము ఆ సాధనాలు. మొదటి మూడింటి స్థానాన్ని నాలుగవది క్రమంగా ఆక్రమించడమే ఈ చరిత్రలో గమనించదగిన మలుపు.

బాగ్: ఏలికల తోట, జనుల తోట

మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో నిర్మించిన నగరాన్ని పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి యాత్రికుడు తవెర్నియే బాగ్‌నగర్ అనే పేరుతో పేర్కొన్నాడు. ఆ పేరుకు వ్యుత్పత్తి భాగమతియా, బాగులా అన్న చర్చ పండితుల్లో ఉంది. ఎటు తేలినా, తోట ఈ నగర స్వరూపంలో మొదటినుంచీ భాగమన్నది నిర్వివాదం. నేటికీ బషీర్‌బాగ్, కుందన్‌బాగ్, జాంబాగ్, రాంబాగ్ అన్న పేట పేర్లలో బాగ్ శబ్దం నిలిచి ఉంది. పేట మిగిలింది, పేరు మిగిలింది. తోట మాత్రం అన్నిచోట్లా మిగలలేదు.

ఈ తోటలలో చాలా భాగం ఏలికలవీ, ఉమరావులవీ. ఎత్తైన గోడలు వాటి లక్షణం. జనానా స్త్రీలు ఆ గోడల లోపలే విహరించేవారు. నాంపల్లి సమీపంలోని బాగే ఆమ్ ఈ నేపథ్యంలోనే విశేషం. దర్బారు పరిభాషలో ఆమ్, ఖాస్ అన్నవి పరస్పర విరుద్ధమైన పదాలు. దివానే ఆమ్ సర్వజనులకు, దివానే ఖాస్ ఎంపికైన వారికి. భవనాలకు సంబంధించిన ఆ విభజన తోటకు కూడా వర్తించి, సర్వజనుల తోట అనే అర్థంలో బాగే ఆమ్ అన్న పేరు వచ్చింది. ఇంగ్లీషులో అది పబ్లిక్ గార్డెన్స్ అయింది. తెలుగువారు ఆ ఇంగ్లీషు పేరునే బహువచన ప్రత్యయంతో సహా స్వీకరించారు.

బాగే ఆమ్ ఒట్టి పచ్చిక మైదానం కాదు. పురావస్తు ప్రదర్శనశాల, జూబిలీ హాలు, శాసనసభ భవనం ఒకే ఆవరణను ఆనుకొని ఉన్నాయి. ప్రదర్శనశాలలోని ఈజిప్టు మమ్మీ తరతరాల పిల్లలకు భయాశ్చర్యాలను కలిగించింది. జంతు ప్రదర్శనశాల కూడా మొదట ఇక్కడే ఉండేది. తరువాతి కాలంలో బాలల కోసం జవహర్ బాలభవన్, ఆరుబయలు రంగస్థలంగా లలితకళాతోరణం ఇదే ఆవరణలో వెలిశాయి. చెట్టునీడ, వింత వస్తువు, నాటకం, పిల్లల ఆటస్థలం ఒక్కచోట దొరకడం వల్ల వయోభేదం లేకుండా కుటుంబమంతటికీ ఇది విహారస్థలమైంది. గోడ ఇక్కడా ఉంది. కాని ఏలికల తోటలో గోడ జనాన్ని బయట ఉంచింది. ఇక్కడ లోపలికి వచ్చిన వారికి రక్షణ ఇచ్చింది.

1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద నగర నిర్మాణ దృష్టిని మార్చింది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. వరద నివారణకు, తాగునీటికి నిర్మించిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. ప్రజలు దానిని గండిపేట అన్నారు. గండిపేట నీళ్లు తాగినవారు ఈ నగరాన్ని విడువలేరన్న లోకోక్తి పుట్టింది. ఇంటినుంచి భోజనం కట్టుకొని వెళ్లి జలాశయపు గట్టున పగలు గడపడం నగరవాసుల అలవాటైంది. కార్తిక వనభోజనంలోని వనం, సహపంక్తి ఇందులో మిగిలాయి. తిథి నియమం మాత్రం జారిపోయింది.

నుమాయిష్: ప్రత్యేకించిన కాలం

బాగే ఆమ్‌లో పుట్టి, నగర కుటుంబ జీవితంలో వార్షికోత్సవంగా స్థిరపడినది నుమాయిష్. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘానికి చెందిన ఆర్థిక సమితి 1938లో దీనిని ప్రారంభించింది. నుమాయిష్ మస్నూఆతె ముల్కీ, అంటే స్వరాష్ట్ర ఉత్పత్తుల ప్రదర్శన, దీని తొలి పేరు. సంస్థానపు ఆర్థిక స్థితిగతుల సర్వేకు నిధులు సమకూర్చుకోవడం నిర్వాహకుల ఉద్దేశం. రెండున్నర రూపాయల మూలధనంతో, సుమారు నూరు దుకాణాలతో అది మొదలైందని ప్రసిద్ధి. జనసమ్మర్దం పెరగడంతో 1946లో నాంపల్లిలోని ప్రస్తుత మైదానానికి మారింది. 1947, 1948 సంవత్సరాల కల్లోలంలో ఆగిపోయి, 1949లో అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనగా తిరిగి ఆరంభమైంది.

ఈ పేరు మార్పులో రాజకీయ చరిత్ర ఇమిడి ఉంది. ముల్కీ అన్న మాట పోయి అఖిల భారత అన్న మాట వచ్చింది. సంస్థానం భారత సమాఖ్యలో కలిసిన సంగతి ఒక సంత పేరులో కూడా నమోదైంది. అయినా ప్రజల నోట నుమాయిష్ అన్న ఉర్దూ మాటా, ఎగ్జిబిషన్ అన్న ఇంగ్లీషు మాటా మాత్రమే నిలిచాయి.

నుమాయిష్ స్వభావం తిరునాళ్లకు దగ్గర. ఏటా జనవరి మొదట ఆరంభమై ఫిబ్రవరి మధ్య వరకు సాగుతుంది. తిరునాళ్లకు తిథి ఉన్నట్టు దీనికి తేదీ ఉంది. రంగులరాట్నం, మిఠాయి, గాజులు రెండింటిలోనూ ఉన్నాయి. కాశ్మీరు శాలువ, లక్నో చికన్ పని వస్త్రం, ఎండుఫలాలు దీనికి అదనంగా చేరాయి. సంవత్సరానికి సరిపడ దుప్పట్లు, వంటసామాను ఇక్కడే కొనడం మధ్యతరగతి కుటుంబాల ఆనవాయితీ. కొనుగోలు, విహారం విడదీయరానివి కావడం వల్ల గృహిణి ఇక్కడ ప్రేక్షకురాలు మాత్రమే కాక నిర్ణేత కూడా అయింది.

ఒక రోజును పూర్తిగా స్త్రీలకే కేటాయించే సంప్రదాయం ఈ ప్రదర్శనకు ఉంది. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు గల నగరంలో ఈ నియమం విలువ చాలా పెద్దది. జనానా తోటకు గోడ చేసిన పనిని ఇక్కడ దినం చేసింది. గోడ కొందరు ఉన్నతవంశ స్త్రీలకే పరిమితం. దినం మాత్రం చిన్నపాటి టికెట్టు కొనగల ప్రతి స్త్రీకీ అందుబాటులో ఉండేది. ఈ ప్రదర్శన వల్ల వచ్చిన ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను నడపడం మరొక విశేషం. రుసుము ఇక్కడ లాభంగా కాక విద్యగా మారి సమాజానికి తిరిగి చేరింది.

మ్యూజియం, జూ, నక్షత్రశాల: విద్య అనే అనుమతి

స్వాతంత్ర్యానంతర దశాబ్దాల్లో విహారానికి విద్య సమర్థనగా నిలిచింది. పిల్లలకు నాలుగు విషయాలు తెలుస్తాయన్న మాట ఇంటి పెద్దలను ఒప్పించడానికి చాలినంత కారణం.

మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో మరణించిన తరువాత, ఆయన సేకరించిన కళాఖండాలతో దివాన్ దేవిడీలో ఏర్పడిన మ్యూజియాన్ని 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో అది మూసీ ఒడ్డున ఉన్న ప్రస్తుత భవనానికి మారింది. ఒక ఉమరావు ఏకాంతంగా చూసుకొన్న వస్తువులు ఈ విధంగా సర్వజనుల సొత్తయ్యాయి. ఖాస్ ఆమ్‌గా మారడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం నగరంలో లేదు. ముసుగు రెబెకా శిల్పం పెద్దలను ఆకర్షిస్తే, గంటల గడియారం పిల్లలను ఆకర్షించింది. గంట కొట్టే బొమ్మ బయటికి వచ్చే వేళకు దాని ముందు జనం గుమిగూడి కూర్చుంటారు. అక్షరం రాని తాతకూ, బడికి వెళ్లే మనుమరాలికీ ఆ క్షణంలో కలిగే కుతూహలం ఒక్కటే.

మీరాలం చెరువు పక్కన సుమారు 380 ఎకరాల్లో నెలకొన్న నెహ్రూ జంతు ప్రదర్శనశాల 1963 అక్టోబరులో ప్రజలకు తెరచుకొంది. బాగే ఆమ్‌లోని మృగాలు ఇక్కడికి తరలివచ్చాయి. ఇనుప బోను స్థానంలో కందకం చుట్టిన విశాలమైన ఆవరణ వచ్చింది. 1974లో సింహాల సఫారీ ఏర్పడింది. పూర్వం మృగాన్ని బోనులో ఉంచి మనిషి తిరిగేవాడు. సఫారీలో మనిషి బండిలో కూర్చుంటే మృగం తిరుగుతుంది. ప్రకృతి పట్ల మారిన ఆధునిక దృష్టికి ఇది సూచిక. పాతనగరం అంచున ఉండడం వల్ల, జూపార్కు ఆ ప్రాంతపు శ్రామిక కుటుంబాలకు పండుగ మరునాటి విహారస్థలం కూడా అయింది.

నౌబత్ పహాడ్ మీద 1976లో బిర్లా మందిరం, 1985లో నక్షత్రశాల వెలిశాయి. దర్శనం, విజ్ఞానం ఒకే కొండమీద కలిశాయి. దేవాలయానికి వచ్చిన కుటుంబం పక్కనే ఆకాశ రహస్యాలను కూడా చూసి వెళ్లింది. నక్షత్రశాలలో తెలుగు వ్యాఖ్యానంతో ప్రదర్శనలు జరగడం భాషాపరంగా గమనార్హం. పాఠ్యపుస్తకం వెలుపల శాస్త్ర పరిభాష సామాన్యుల చెవిని పడిన చోట్లలో ఇది ఒకటి.

ధర అనే ప్రహరీ

1990ల తరువాత విహారస్థలాల స్వరూపం మారింది. హుస్సేన్‌సాగర్ నడుమ 1992లో బుద్ధవిగ్రహం ప్రతిష్ఠితమైంది. దానికి ఎదురుగా లుంబినీ పార్కు 1994లో వెలసింది. 1992లోనే మాదాపూర్‌లో శిల్పారామం వచ్చింది. పల్లెను విడిచి నగరానికి వచ్చిన తరం తన పిల్లలకు కుమ్మరి సారెను, మగ్గాన్ని ఇక్కడ చూపింది. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2003లో ప్రసాద్స్ ఐమాక్స్, 2016లో వండర్‌లా ఈ క్రమాన్ని కొనసాగించాయి. మొదటి మూడింటిని ప్రభుత్వ యంత్రాంగం, చివరి మూడింటిని వ్యాపార సంస్థలు ఏర్పరచాయి.

ఈ నూతన స్థలాలు కుటుంబానికి మేలు చేయలేదనడం చారిత్రకంగా సరికాదు. శుభ్రత, మంచినీరు, స్త్రీలకు మరుగుదొడ్లు, పిల్లల భద్రత విషయంలో ఇవి పాత తోటలకంటె శ్రద్ధ వహించాయి. ఇంటి ఆడపిల్లలను ధైర్యంగా పంపగలగడం సామాన్యమైన లాభం కాదు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో లేజర్ ప్రదర్శన చూస్తున్న వారి మధ్య బాంబు పేలి ప్రాణనష్టం జరిగింది. 2019 జనవరిలో నుమాయిష్ మైదానంలో అగ్నిప్రమాదం జరిగి దుకాణాలు దగ్ధమయ్యాయి. ఈ ఘటనలు భరోసా ఎంత సున్నితమైనదో తెలిపాయి. కాపలా, తనిఖీ అనివార్యమయ్యాయి.

కాని భరోసాకు ధర ప్రధాన సాధనం కావడంలో ఒక నష్టం ఉంది. తోటగోడ ఎవరినైనా రానిచ్చింది. స్త్రీల దినం స్త్రీలందరినీ రానిచ్చింది. మ్యూజియం అక్షరజ్ఞానాన్ని అడగలేదు. తలకొక్కింటికి అధిక రుసుము వసూలు చేసే వనం మాత్రం కుటుంబ పరిమాణాన్ని లెక్కిస్తుంది. నలుగురున్న ఇల్లు పోగలిగిన చోటికి, అత్తమామలు, మేనకోడళ్లు కలసి పదిమంది ఉన్న ఇల్లు పోలేదు. ఆ విధంగా కుటుంబం అన్న పదానికే ఈ స్థలాల్లో అర్థసంకోచం ఏర్పడింది. జాతరకు బండ్లు కట్టుకొని కదిలిన ఇంటిల్లిపాది అన్న భావం, ఇద్దరు పెద్దలు ఇద్దరు పిల్లలన్న గణనలోకి కుదించుకుపోయింది. ఇంటినుంచి తెచ్చిన భోజనాన్ని ద్వారం వద్దనే ఆపివేసే నియమం ఉన్నచోట వనభోజన సంప్రదాయపు చివరి అవశేషం కూడా తొలగింది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేటపడుతున్నాయి. ఒకటి, హైదరాబాదులోని కుటుంబ విహారస్థలాల్లో ముఖ్యమైన కొన్ని ఖాస్ నుంచి ఆమ్‌కు జరిగిన ప్రస్థానంలో ఏర్పడ్డాయి. రెండు, వాటిని కుటుంబ యోగ్యం చేసినది వినోద వస్తువు కంటె స్త్రీలకు, పిల్లలకు కలిగిన భరోసా. మూడు, ఆ భరోసాకు రుసుము ఒక్కటే మార్గం కాదు.

మూడవ అంశానికి సమీప గతంలోనే సాక్ష్యం ఉంది. 2021 ఆగస్టులో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలను నిలిపివేసి ఆ రహదారిని నడిచేవారికి విడిచిపెట్టారు. గోడ కట్టలేదు, టికెట్టు పెట్టలేదు, కొత్త ఆకర్షణ ఏదీ నిర్మించలేదు. కొన్ని గంటల కాలాన్ని కేటాయించడంతోనే పసిపిల్లలతో, వృద్ధులతో కుటుంబాలు ఆ గట్టుమీదికి వచ్చాయి. నుమాయిష్‌లో స్త్రీల దినం ఏ సూత్రం మీద ఆధారపడిందో ఇదీ దానిమీదనే ఆధారపడింది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్విన చెరువుకట్ట మీద ఆ సాయంత్రాల్లో బాగే ఆమ్ అన్న పాత పేరులోని ఆమ్ శబ్దం తన పూర్తి అర్థంతో మరల వినిపించింది. నగర ప్రణాళికల్లో విహారస్థలాన్ని ఆదాయ వనరుగా లెక్కించే ముందు ఈ శబ్దార్థాన్ని గుర్తుంచుకోవడం అవసరం.