లంకెబిందెల వేట

పెద్దలారా! నిధివేట యనగానే నాకు జ్ఞప్తికి వచ్చునది 1971లో వెలువడిన ‘మోసగాళ్లకు మోసగాడు’ అను చలనచిత్రము. ఇబ్రహీంపట్నమున ఒక డేరాలో నేలపై కూర్చుండి, బాలుడనైన నేను దానిని చూచితిని. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాసు, రచయిత ఆరుద్ర. రాజస్థానపు ఎడారులలో గుఱ్ఱమెక్కి కృష్ణ నిక్షేపమునకై పరుగులిడుచుండగా, నక్కజిత్తుల నాగన్న వేషమున నాగభూషణము మమ్ము కడుపుబ్బ నవ్వించెను. ఆ చిత్రమే పిమ్మట ‘ట్రెజర్ హంట్’ అను పేర ఆంగ్లమున విదేశములలో ప్రదర్శింపబడెను.

ఇట్టి కథలకు మూలము లేకపోలేదు. పూర్వము బ్యాంకులు లేవు. దండు వచ్చుననిన, దొంగలు పడుదురనిన, కలవారు నగలును నాణెములును బిందెలకెత్తి నేల పాతుచుండిరి. పాతినవాడు యుద్ధముననో మహమ్మారిచేతనో గతించినచో, ఆ జాడయు వానితోడనే పోవుచుండెను. లంకెబిందెల మాట అట్లు ఊరూర నిలిచినది.

నేను ఉపాధ్యాయుడనై యుండగా మా ప్రాంతమున ఒక గృహస్థు అంజనము వేయువాని మాట నమ్మెను. పాడుబడిన శివాలయమున నంది క్రింద బంగారమున్నదని వాడు చెప్పెను. అమావాస్యనాటి రాత్రి నిమ్మకాయలు కోసి, కోడిని బలియిచ్చి, గడ్డపారలతో త్రవ్విరి. తెల్లవారునప్పటికి దొరికినది ఒక తేలు. పోయినది రెండెకరముల చేను. అంజనమువానికి మాత్రము నిధి దొరికినది. అది ఆ గృహస్థుని మొలలో నుండెను! ఊరంతయు నవ్వెను. నేనును నవ్వితిని.

మరునాడు పిల్లలతో పోయి చూడగా నంది రెండు ముక్కలై యుండెను. పీఠముపైని పాత అక్షరములు చిట్లి రాలిపోయినవి. ఆ దారినే ఏండ్లతరబడి బడికి నడచితిని. ఒక్కనాడైనను ఆ లిపిని వ్రాసికొననైతిని. నాటి నవ్వు నాకిప్పటికిని సిగ్గు కలిగించుచున్నది.

పెద్దపల్లి చేరువ పెద్దబంకూరు త్రవ్వకములలో శాతవాహనుల నాణెములు వేలకొలది దొరికినవి. కరగించినచో అవి వట్టి లోహము. చదువగా అవి రెండువేల యేండ్లనాటి మన పూర్వుల బేరసారముల చరిత్ర. పది రూపాయలకు మించిన నిక్షేపము దొరికినవాడు కలెక్టరునకు తెలుపవలెనని 1878నాటి చట్టము విధించినది ఊరక కాదు.

మన యూరి పేరు 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేర వెలసినది. తెలుగు కవులు మల్కిభరాముడని కొనియాడినది ఇతనినే. ఆ కాలపు పెద్దచెఱువు నేటికిని మన కన్నులయెదుట నున్నది. నాటివారు ధనమును భూమిలో దాచక కట్టగా పోసి నీరు నిలిపిరి. ఎన్ని తరములు తీసికొన్నను తరుగని నిధి యది.

కావున పెద్దలారా, మీ పొలిమేరలో చెక్కిన రాయి యున్నచో దానిపై గడ్డపార పడనీయకుడు. బడిపిల్లలచేత దానిపైని అక్షరములను నేడే వ్రాయించి యుంచుడు. నేను చేయనిది మీరు చేయుడు.