సుపీరియరు సరస్సు అడుగున

ఓడలను మ్రింగునది సముద్రమే యనియు, సరస్సు సాధుజలమనియు మనలో పెక్కుమంది తలంపు. ఉత్తర అమెరికాలోని సుపీరియరు సరస్సు చరిత్ర ఎరిగినవారికి ఈ తలంపు నిలువదు. వైశాల్యమున మంచినీటి సరస్సులలో ఇదియే ప్రపంచమున మొదటిది. దీని మిక్కిలి లోతు 400 మీటర్లకు మించును.

1905 నవంబరు 28వ తేదీన ఇచట ఘోరమైన తుపాను చెలరేగెను. డులూతు రేవు ముంగిట మటాఫా యను పొగయోడ విరిగి నిలిచిపోగా, ఒడ్డున వేలకొలది జనము చూచుచుండగనే తొమ్మండుగురు ప్రాణములు విడిచిరి. ఆ దినముననే ఆ మిన్నెసోటా తీరమునందే మదీరా యను ఓడ గోల్డ్ రాక్ అను కొండచరియకు కొట్టుకొని బ్రద్దలయ్యెను. ఫ్రెడ్ బెన్సన్ అను నావికుడు త్రాటితో చరియపైకి దుమికి, పైకెగబ్రాకి, త్రాడు దించి ఎనమండుగురను రక్షించెను. దక్కనివాడు ఒక్కడే. ఈ విపత్తు ఫలితముగా 1910లో సమీపమున స్ప్లిట్ రాక్ దీపస్తంభము వెలిగినది. అది 1969 వరకు ఓడలకు దారి చూపెను.

1943లో ఫ్రాన్సున కూస్టో, గన్యాన్ అనువారు నీటిలో గాలి పీల్చు సాధనమును సిద్ధపరచిరి. అదివరకు వృత్తిగాండ్రకే పరిమితమైన జలగర్భము సామాన్యునికిని తెరువబడెను. 1955లో ఈతగాండ్రు మదీరా శకలములను కనుగొనిరి. తీరమునకు చేరువగుటచే దానిని చూడ నావయైనను అక్కరలేదు. వీపున గాలితిత్తులు మోసికొని ఒడ్డునుండియే దిగుదురు. అడుగున వేసవిలోనైనను నీరు మంచువలె చల్లగానుండును గనుక, ఒడలు తడియనీయని మందపు దుస్తులు ధరింపవలెను. ఆ చలియే, ఉప్పులేమియే, ఓడలను కాపాడుచున్నవి. ఇనుము మెల్లగా తుప్పుపట్టును. కొయ్యను తొలుచు సముద్రపు పురుగు ఇచట లేదు.

ప్రకృతి కాపాడినదానిని మనుష్యుడు కాపాడెనా? తొలినాళ్లలో మునిగినవారనేకులు గుర్తుగా వస్తువులను ఇండ్లకు కొనిపోయిరి. ఒక్కొక్కరు తీసినది స్వల్పమే. కాని అందరును తీసినచో మిగులునది శూన్యము. 1988లో అమలునకు వచ్చిన అమెరికా చట్టము, యజమానులు విడిచిన ఇట్టి ఓడలపై హక్కును ఆయా రాష్ట్రములకు ఒసగినది. 1992లో మదీరా జాతీయ చారిత్రక స్థలముల పట్టికకెక్కెను.

చట్టము కావలివాడు మాత్రమే. నీటి అడుగున ప్రతి యీతగాని వెంటను వాడు పోజాలడు. కనులార చూచి, వట్టిచేతులతో తిరిగివచ్చు అలవాటు మనస్సున నాటుకొనవలెను. శిథిలాలయముల శిల్పములను ఇండ్లకు చేర్చుకొనుట ఎరిగిన మనదేశమునకును ఈ పాఠము పరాయిది కాదని మేము తలంతుము.