పాముకి ఇల్లు: పుట్ట నుంచి హీట్ మ్యాట్ దాకా

దీపావళి అయిన నాలుగో రోజు పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ కాలనీల్లో తిరిగితే చెంబులో పాలు పట్టుకుని పుట్ట వెతుక్కుంటూ పోయేవాళ్లు కనిపిస్తారు. నాగుల చవితి. తెలంగాణ ఇళ్లలో చాలామంది శ్రావణంలో పంచమి చేస్తారు, కోస్తా నుంచి వచ్చినవాళ్లు కార్తీకంలో చవితి చేస్తారు, మన ఏరియాలో రెండూ నడుస్తాయి. ఖాళీ ప్లాట్లన్నీ అపార్ట్‌మెంట్లయ్యాక పుట్ట కావాలంటే గుడికి పోవాల్సిందే.

ఇవాళ టాపిక్ ఆ పుట్టే. ఫ్లాట్‌లో బాల్ పైథాన్ పెంచే కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది: తక్కువ కరెంటుతో పాముని వెచ్చగా ఉంచడం ఎలా? ఆ ప్రశ్నకి చాలా పాత చరిత్ర ఉంది.

పుట్ట కట్టేది చెదపురుగులు, చేరేది పాము. మందపాటి మట్టి గోడ. బయట ఎండ మండినా, రాత్రి చలి పెట్టినా లోపల వేడి మెల్లగానే మారుతుంది. మనలాగా పాము ఒంట్లో వేడి పుట్టదు కదా. అందుకే చలేస్తే పైకొస్తుంది, ఎండెక్కితే లోతుకి పోతుంది. హీటర్ లేదు, బిల్లు లేదు. బాల్ పైథాన్ సొంత ఊరు పశ్చిమ ఆఫ్రికా, ఘనా, టోగో, బెనిన్ వైపు. అక్కడ అది ఉండేది కూడా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లోనే!

మనిషి పాముకి ఇచ్చిన ఇల్లు మాత్రం చాలా కాలం వెదురుబుట్ట. నాగస్వరం ఊదుతూ వీధుల్లోకి వచ్చే పాములవాళ్ల బుట్ట. చుట్ట చుట్టుకుని కూర్చునేంత జాగానే. పైకీ కిందికీ పోయే దారి లేదు. కోరలు పీకితే నోరు పుండవుతుంది. పండగకి ముందు నీళ్లు కూడా ఇవ్వరు, దాహానికి పాము పాలు తాగుతుంది, జనం దండం పెడతారు. పాము ఆహారం పాలు కానే కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఈ ఆట నేరమైంది. హైదరాబాద్‌లో 1995లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ మొదలైంది. ఇళ్లల్లో దూరిన పాముల్ని పట్టి అడవిలో వదలడం వాళ్ల పని.

చట్టం వస్తే పాములు పట్టేవాళ్ల పొట్ట సంగతేంటి? తమిళనాడులో దీనికి ఒక దారి దొరికింది. 1978లో ఇరుల గిరిజనులు సహకార సంఘం పెట్టుకున్నారు. పాముని పట్టి, కొన్ని వారాలు ఉంచుకుని, విరుగుడు మందు కోసం విషం తీసి, మళ్లీ వదిలేస్తారు. ఆ కొన్ని వారాలూ పాము ఉండేది ఎక్కడో తెలుసా? మట్టికుండలో. మూతికి గుడ్డ కడతారు. ఇది పుట్టకి చిన్న తమ్ముడు లాంటిదని నాకనిపిస్తుంది.

చలి దేశాల్లో కథ వేరు. వేడి పెట్టకపోతే అక్కడ మన పాము బతకదు. ప్రపంచంలో మొదటి సరీసృపాల భవనం 1849లో లండన్ జూలో తెరిచారు. కానీ అసలు మలుపు 1927లో వచ్చింది. జోన్ ప్రోక్టర్ అనే ఆవిడ డిజైన్ చేసిన కొత్త భవనంలో ఒక్కో బోనుకి దాని అవసరాన్ని బట్టి కరెంటుతో వేడి పెట్టారు. చిన్నప్పటి నుంచీ పాముల్ని పెంచిన మనిషి ఆమె. ఒంట్లో బాగోకపోయినా పనిచేసి, 1931లో, 34 ఏళ్లకే పోయింది. ఆ తర్వాత 1944లో అమెరికాలో కౌల్స్, బోగర్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎడారి సరీసృపాల మీద పరిశోధన ప్రచురించారు. చోటు మారుతూ అవి తమ వేడిని తామే సర్దుకుంటాయని చూపించారు. ఈ రోజు హాబీవాళ్లు చెప్పే ‘వెచ్చని మూల, చల్లని మూల’ వెనక ఉన్నది ఇదే.

ఇప్పుడు మన ఫ్లాట్‌కి వద్దాం. బాల్ పైథాన్‌కి ఒక మూల 32 డిగ్రీల దగ్గర, ఇంకో మూల 26 దగ్గర ఉంటే సరిపోతుంది. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి రాత్రులు బయట 15 దాకా పడిపోతాయి. అప్పుడే అసలు అవసరం. ఒంట్లో వేడి చాలకపోతే తిన్న ఎలుక అరగదు, పాము కక్కేస్తుంది. అలాగని 100 వాట్ల బల్బు రోజంతా వెలిగిస్తే రోజుకి 2.4 యూనిట్లు, నెలకి 72. అదే 20 వాట్ల హీట్ మ్యాట్ థర్మోస్టాట్‌తో సగం టైమే నడిస్తే నెలకి దాదాపు 7 యూనిట్లే. థర్మోస్టాట్ లేని మ్యాట్ మాత్రం వద్దు, పొట్ట కాలిపోతుంది. గాజు తొట్టి వేడిని బయటికి వదిలేస్తుంది, చెక్కపెట్టె ఆపుకుంటుంది. లోపల దాక్కోడానికి ఒక పగిలిన కుండ పెట్టండి, అంచులు అరగదీసి. ఇరులవాళ్ల లెక్కే!

నన్నడిగితే ఇక్కడ చలికన్నా మే నెలే డేంజర్. పై అంతస్తులో స్లాబ్ కింద గది కొలిమిలా ఉంటుంది. హీటర్ తీసేసి, పెట్టెని నేల మీదకి, కిటికీకి దూరంగా మార్చాలి. నీళ్ల గిన్నె పెద్దది పెట్టాలి.

ఇంకో మాట. బాల్ పైథాన్ విదేశీ జాతి. 2022 చట్ట సవరణ, 2024 రూల్స్ ప్రకారం దాన్ని పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి. మన నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువలను పెంచుకోవడం మాత్రం నేరం. 2020 అక్టోబర్‌లో సరూర్‌నగర్, ఎల్బీ నగర్ కాలనీలు మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి వానల్లో బొరియలు నీళ్లతో నిండితే, పాము పొడి జాగా కోసం మీ మెట్ల కిందికి వస్తుంది. దాన్ని కొట్టకండి, డబ్బాలో పెట్టి దాచుకోకండి. దూరంగా నిలబడి, అదెటు పోతోందో చూస్తూ, అటవీశాఖకో పాములు పట్టే వాలంటీర్లకో ఫోన్ చేయండి.