గడ్డి చామంతి

మదనపల్లె నుంచి గుర్రంకొండ వైపు వెళ్తే టమోటా తోటల గట్ల మీద, రోడ్డు అంచున చిన్న పసుపు బొత్తాల్లాంటి పూలు కనిపిస్తాయి. సన్నటి పొడవాటి కాడ, చుట్టూ విడివిడిగా అయిదారు లేతరంగు రేకులు, ఒక్కో రేకు కొసన మూడు నొక్కులు. అదే గడ్డి చామంతి.

కుప్పం సంతలో మూడు భాషలు వినబడతాయి. అసలు చామంతి తెలుగులో చేమంతి, కన్నడంలో సేవంతిగె, తమిళంలో సెవ్వంది. ముందు ‘గడ్డి’ చేరితే చాలు, ఎవరూ నాటకుండా మొలిచేదని అర్థం. పోలికే తప్ప ఇది నిజం చామంతి కాదు. పుట్టిల్లు మధ్య అమెరికా. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ దీన్ని ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అన్నాడు. రెండో మాటకు లాటిన్‌లో నేలమీద వాలినది అని అర్థం.

మనవాళ్లు పనిని బట్టి పిలిచారు. పలక తుడిస్తే పలకాకు, తెగిన వేలికి పసరు పిండితే గాయపాకు. రావణాసురుడి తల అన్నది మాత్రం పిల్లల భాష. కాడను మెలిపెట్టి బొటనవేలితో చిటుక్కున మీటితే పువ్వు ఎగిరి పడుతుంది.

పెరికినా పోదు. దూదిపింజల గింజలు గాలికెక్కి పక్క చేలో దిగుతాయి.