దూలమునకు వ్రేలాడిన విత్తుల మూట



మీ వంటయింటి దూలమువైపు ఒకసారి కన్నులెత్తి చూడుడి. పాతగుడ్డలో కట్టిన చిన్న మూట యేదైనను అక్కడ వ్రేలాడుచున్నదా? తీగమీదనే ఎండిన బీరకాయ యొకటి పొగపట్టి నల్లబడి యున్నదా? ఉన్న యెడల మీరు ధన్యులు. వికారాబాదు, తాండూరు ప్రాంతములలో నేను ఇండ్లు దర్శించుటకు వెళ్లినప్పుడెల్ల ఇప్పుడు దూలములవైపు చూచుట అలవాటు చేసికొంటిని. నూటికి తొంబది యిండ్లలో దూలములే లేవు, పైకప్పు సిమెంటు. మూట సంగతి చెప్పనక్కరలేదు.

ఈ అలవాటు నాకు వచ్చినది నా తప్పువలననే. మా అమ్మ చారల చిక్కుడు పెంచెడిది. కాయ మీద ఊదారంగు గీతలు, లోపల నల్లని గింజకు తెల్లని అంచు. దానిని ఆమె తన పుట్టింటినుండి తెచ్చెను, వారెక్కడనుండి తెచ్చిరో ఆమె యెరుగదు. ఆమె ప్రభువునందు నిద్రించిన తరువాత ఆ గింజలున్న డబ్బాను నేను తెచ్చి పాస్టరు బంగళాలో అటకమీద పెట్టితిని. ఆ యేడు విత్తలేదు. మరుసటి యేడు బదిలీ. మూడవ యేట డబ్బా మూత తీయగా గింజలన్నిటికి పురుగుపట్టి, అడుగున గుప్పెడు పిండి మాత్రము మిగిలెను. ఆ చిక్కుడు నేను మరెక్కడను చూడలేదు. దుకాణములో చిక్కుడు విత్తనము దొరకదా అందురు. దొరకును. అది కాదు.

ఆ దినమునుండి, మన పెరటిలోని కూరగాయల విత్తులు ఎక్కడనుండి, యెవరి చేతులమీదుగా వచ్చినవో తెలిసికొనవలెనని తలచితిని. తెలిసికొన్నంతమట్టుకు మీకు చెప్పుచున్నాను.

మొదట మన నేలనుగూర్చి. వికారాబాదు, అనంతగిరి గుట్టల దిక్కున ఎర్రనేల. నీరు త్వరగా ఇంకిపోవును. పడమటికి దిగి తాండూరు చేరునప్పటికి నల్లరేగడి; వానకు ముద్దయగును, ఎండకు నెర్రెలువారును. ఆ నేలలో పండిన కందులకు 2022 డిసెంబరులో తాండూరు కందిపప్పు అను పేరుమీద భౌగోళిక గుర్తింపు దొరికెను. హైదరాబాదు నుండి వాడికి వేసిన నిజాము రైలుదారి 1874లో నడచుట మొదలుపెట్టి, ఈ రెండు ఊళ్లను ఒక త్రాటికి కట్టెను. తాండూరు తాలూకా 1956 వరకు గుల్బర్గా జిల్లాలోనిది. కాబట్టి సేడం, చించోళి వైపు పిల్లనిచ్చుట, పిల్లను తెచ్చుకొనుట అక్కడ నేటికిని కలదు. కొత్తకోడలు కొంగున పసుపు కుంకుమలు మాత్రమే కాదు, నాలుగు రకముల గింజలును ముడివేసికొని వచ్చెడిదని ముసలమ్మలు చెప్పుదురు. రాజులు గీసిన యెల్లలను ఆ కొంగుముడి లెక్కచేయలేదు.

ఇక విత్తుల పుట్టుక. వంకాయ, బీరకాయ, దోసకాయ మన దేశపువే. మన కందియు ఈ దేశముననే మచ్చికయైనది. చిక్కుడు, సొరకాయ మాత్రము ఆఫ్రికా ఖండమున పుట్టి, ఎవరును వ్రాసిపెట్టని కాలమున మనయొద్దకు చేరినవి. బళ్లారి దగ్గరి సంగనకల్లులో త్రవ్విచూచినవారికి, నాలుగువేల యేండ్లనాడు మన దక్కను మనుష్యులు ఉలవలు, పెసలు పండించిరని మాడిన గింజల మూలముగా తెలిసెను. పొయ్యిలో జారిపడి మాడిన గింజయే చరిత్రకు సాక్ష్యమాయెను! వండుకొని తిన్నవి ఏ సాక్ష్యమును చెప్పలేదు.

మిరప, టమాట, ఆలుగడ్డ సంగతి వేరు. కొలంబసు 1492లో అమెరికా తీరము చేరకముందు ఈ దేశమున ఎవడును మిరపకాయ కొరికి యెరుగడు. పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకొనిరి; వారి ఓడలవెంట మిరప దక్కనుకు వచ్చెను. అంతకుముందు మనవారి పులుసులో కారము మిరియములదే. టమాటను మన పెద్దలు రామములగ యనియు సీమవంకాయ యనియు పిలిచిరి. నేడు టమాట లేనిదే పప్పు పొయ్యిమీదికి ఎక్కదు. కాబట్టి పాతవన్నియు మనవి, కొత్తవన్నియు పరాయివి అనువారిని చూచినప్పుడు నాకు నవ్వు వచ్చును. పరాయి గింజ మనదగుటకు ఒకటే మార్గము: ఎవరో ఒక తల్లి ఏటేట దానిని దాచి మరల విత్తవలెను.

విలియం కేరీ పేరు మీరు వినియున్నారు. 1793లో బంగాళమునకు వచ్చిన ఆ చెప్పులు కుట్టినవాడు బైబిలు తర్జుమాలు చేసెననియే మనము పిల్లలకు చెప్పుదుము. ఆయన 1814లో మన తెలుగునకు వ్యాకరణము అచ్చువేసెననియు కొందరెరుగుదురు. గాని ఆయన తోటపిచ్చిని గూర్చి ఎవరును చెప్పరు. వచ్చిన తొలిదినములలోనే స్వదేశమునకు ఉత్తరములు వ్రాసి, ఏటేట తోటవిత్తులు పంపుడని అడిగెను. 1820లో కలకత్తాలో వ్యవసాయ తోటపనుల సంఘమును స్థాపించెను. 1823లో నది పొంగి శ్రీరాంపురములోని ఆయన తోటను పాడుచేయగా, మరల నాటించెను. మన సామర్లకోటలో పనిచేసిన రాక్స్‌బరో దొర వ్రాసిన మొక్కల గ్రంథమును ఆయన చనిపోయిన తరువాత అచ్చు వేయించినవాడు ఈ కేరీయే.

గాని సీమ కూరగాయలతో ఒక చిక్కు గలదు. క్యాబేజీ మన యెండలో గడ్డ కట్టినను పూతకు రాదు, విత్తు కట్టదు. దానికి గట్టి చలి కావలెను. అందువలన ఆ విత్తు ఏటేట ఓడలమీద రావలసియుండెను. రెండవ ప్రపంచయుద్ధమున ఓడలు నిలిచిపోగా, ప్రభుత్వము క్వెట్టాలోను, మరికొన్ని చలిప్రదేశములలోను విత్తనము పండించెను. 1947లో క్వెట్టా పాకిస్తానుకు పోగా ఆ పని కుల్లూ లోయ వంటి చోట్లకు మారెను. కూరగాయ మన పెరటిలో, దాని విత్తు మరియొకరి చేతిలో. ఇట్టి యేర్పాటు మన పల్లెలకు మొదట తెలిసినది ఇట్లు.

సంకర విత్తనము వచ్చినది తరువాత. దానిని అర్థము చేసికొనుటకు మరియొక తోటకు పోవలెను. బ్రున్ పట్టణపు మఠములో గ్రెగోర్ మెండెల్ అను సన్యాసి యుండెను. మన మిషనువాడు కాడు, అయినను ఓపికలో మన కాపరులందరికి పాఠము చెప్పగలవాడు. 1856 మొదలుకొని దాదాపు ఎనిమిదేండ్లు మఠపు తోటలో బటానీలు విత్తెను. నున్నని గింజల జాతిని ముడుతల గింజల జాతితో కలిపెను. తొలి తరమున అన్నియు నున్ననివే. వాటినే మరల విత్తి, వచ్చిన గింజలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టెను: నున్ననివి 5474, ముడుతలవి 1850. దాగియున్న ముడుత మనుమల తరమున బయటపడెను! 1866లో ఆయన దీనిని అచ్చువేసినను, లోకము కన్నులు తెరచినది 1900లో, ఆయన గతించిన పదునారేండ్లకు.

నేడు మీరు కొను సంకరవిత్తనపు పొట్లములో ఉన్నది ఆ తొలి తరమే. అందుకే చెట్లన్నియు ఒక్క తీరుగా, బలముగా, విరివిగా కాయును. ఆ కాయనుండి గింజ తీసి విత్తినయెడల మనుమల తరము వచ్చును. ఒకటి తాతను పోలును, ఒకటి అవ్వను, మరియొకటి ఎవరిని పోలదు. కంపెనీవాడు గింజలో మందు పెట్టెనని కొందరందురు, అది నిజము కాదు. ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థవారు 1971లో పూసా మేఘదూత్ అను సంకర సొరకాయను ఇచ్చిరి. 1973లో బెంగుళూరులోని ఇండో అమెరికన్ కంపెనీ సంకర టమాటను అమ్మెను. 1988లో ప్రభుత్వము విత్తన విధానమును మార్చి, పైదేశపు కూరగాయ విత్తనములకు తలుపు తెరచెను. ఆ మీదట రంగురంగుల పొట్లములు మన సంతలకు వచ్చెను.

నేను ఆ విత్తనమును నిందింపను. హైదరాబాదు మార్కెట్టుకు బుట్టలు పంపి పిల్లల ఫీజులు కట్టువాడు ఎక్కువ కాచు విత్తనమును కొనుట తప్పు కాదు. నా ప్రశ్న పెరటిని గూర్చినది. నాలుగు పాదులు పెట్టుకొను ఇల్లాలు, అమ్మకమునకు కాక కూరకే పెట్టుకొనునది, ఏటేట పొట్లము కొనుట ఎందుకు? ఒక తరము కొనుట అలవాటు చేసికొన్నచో ఆ తరువాత దాచుటకు ఏమియు మిగులదు. నా డబ్బాలో మిగలనట్లే.

మన పొరుగుననే దీనికి ఎదురు నిలిచినవారున్నారు. వికారాబాదులో పర్లి రైలెక్కినచో జహీరాబాదు వచ్చును. అక్కడి పస్తాపూరులో 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలాయెను. అందులోని సంఘపు స్త్రీలలో పెక్కుమంది దళిత కుటుంబములవారు, అక్షరము రానివారు. ఊరూర విత్తుల బుట్టలను నింపి, తీసికొన్నవారు పంట వచ్చినప్పుడు ఎక్కువ కొలిచి మరల నింపునట్లు నియమము పెట్టుకొనిరి. సంక్రాంతి దినములలో ఎడ్లబండ్లమీద ఆ గింజలను ఊరేగించి పాత పంటల జాతర చేయుదురు. 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము వారికి వచ్చెను. వారు బూడిదలోను వేపాకులోను గింజ దాచిన విధము మా అమ్మ చేసినదే. మా అమ్మకు తెలిసినది నేను నేర్చుకొనలేదు, అంతే భేదము.

చట్టమును గూర్చి భయపడకుడి. 2001 నాటి మొక్కల రకముల, రైతు హక్కుల చట్టము ప్రకారము రైతు తన పంటలోని విత్తును దాచుకొనవచ్చును, మరల విత్తవచ్చును, మార్చుకొనవచ్చును, పంచవచ్చును, అమ్మనువచ్చును. రక్షణ పొందిన రకమును పేరుముద్ర వేసి అమ్మరాదు, అంతమాత్రమే.

దాచుట యెట్లని అడుగుదురేమో. చిక్కుడు, టమాట తమ పువ్వులోనే తాము పరాగము కలుపుకొనును గనుక జాతి చెడుట అరుదు. బీర, సొర, దోస తీగలకు తేనెటీగ కావలెను. పక్కింటి వేరురకపు దోస మీ దోసతో కలియును, జాగ్రత్త. విత్తునకు విడిచినది చివరి గిడస కాయ కారాదు. మంచి తీగ చూచి, మొదటి కాపులోనే గుర్తు కట్టి విడువవలెను. మనవారు మంచికాయ కూరకు కోసి, వంకరకాయ విత్తునకు విడుతురు, ఇది పెద్ద పొరపాటు. వంకాయ పసుపుపచ్చగా పండువరకు ఆగవలెను. టమాట గుజ్జును నీళ్లలో రెండు దినములు పులియనిచ్చి కడిగినచో గింజ శుభ్రమగును. పంటితో కొరికిన టక్కున విరుగునంత ఎండిన తరువాతనే మూట కట్టవలెను. చిక్కుడు గింజకు చారెడు ఆముదము పట్టించి బూడిదలో కలుపుడి. మృగశిర రాకముందు పది గింజలను తడిగుడ్డలో చుట్టి మొలకెత్తునవి ఎన్నో చూడుడి. ఏడు మొలిచినచో మిగిలినవాటిని నమ్మి విత్తవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, ఇద్దరు ముగ్గురికి పంచియుంచుట. ఒక యింట పురుగు పట్టినను మరియొక యింట బ్రదుకును.

1923లో ఆరంభమైన ధారూరు జాతర మీకు తెలియును. నవంబరులో చెట్లక్రింద గుడారములు వేసికొని, పొయ్యిలు పెట్టుకొని మనవారు వేలాదిగా దిగుదురు. కొన్నేండ్ల క్రిందట అక్కడ తాండూరు వైపు అవ్వ యొకతె కూర వండుచుండగా గిన్నెలో ఊదాగీతల చిక్కుడుకాయ చూచితిని. నా అడుగు ముందుకు పడలేదు. గింజకు తెల్ల అంచు ఉండునా అని అడిగితిని. ఉండదట, ఎర్రనిదట. మా అమ్మది కాదు. అయినను విత్తులిమ్మని వేడుకొంటిని.

“ఇప్పుడేడియి అయ్యగారూ? చలి వడ్డంక పూసింది. సంక్రాంతి పోయినంక ఇంటికి రాండ్రి” అనెను.

మాఘమాసమున వెళ్లితిని. నాపరాళ్లు నిలువున పాతిన గోడమీద తీగ అల్లుకొని యుండెను, అడుగున నాలుగు గుత్తులకు ఎర్రదారము కట్టి యుండెను. మనుమడు కోయబోగా చేతిమీద కొట్టినదట. నా యెదుటనే ఒలిచి, పదకొండు గింజలు లెక్కపెట్టి నా చేతిలో పోసి, గుప్పిలి మూసెను.

“మీది మంచిగ కాస్తే నాకు మళ్ల గుప్పెడు తెచ్చియ్యాలె అయ్యగారూ. ఈసారి నాది పోతే మీ తానకే వస్త” అనెను.

ఎనిమిది మొలిచినవి. మరుసటి యేటి జాతరకు రెండు గుప్పెళ్లు తీసికొని వెళ్లితిని, ఒకటి ఆమెకు, ఒకటి అడిగినవారికి.